చిన్నప్ప మామ చుట్టిన పెట్టె

బంగారు గని పనోళ్లకని కట్టిన కోరమండల్ లైన్లలో మా ఇంటికీ చిన్నప్ప మామ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడను ఇంగ్లీషోళ్లు కట్టినారని అందరూ చెప్తారు. కట్టి ఉండొచ్చు, నేను కాదనను. నిలబెట్టింది మాత్రం మామ చుట్టిన టేపు. ఎలుక తొలిచిన బొక్క, రేకులో తుప్పు తిన్న చిల్లి, కిటికీలో అద్దం పోయిన చోటు, యాడ చూసినా టేపే. గాలికాలంలో గని మట్టి పారబోసిన సైనైడు దిబ్బల మీద నుంచి దుమ్ము లేచి లైన్లన్నీ కప్పేస్తాది. మా ఇంట్లో సంగటి కూడా కరకరలాడతాది. మామ ఇంట్లోకి మాత్రం ఈగ రావల్లన్నా ముందుగా చెప్పి రావల్ల.

పోయినేడు వచ్చిన గాలివానకు మా రేకులు ఊరిగాం దాకా ఎగిరిపోయినాయి. మామ ఇల్లు మాత్రం రేకులు, గోడలు, తలుపు, లోపల నిద్రపోతున్న గంగమ్మత్తతో సహా ఒకే ముక్కగా గాల్లోకి లేచి, కొంచేపు ఆలోచించి, మళ్లీ అదే చోట కూర్చునింది. నేను కళ్లారా చూసినాను. నమ్మనోళ్లు గంగమ్మత్తను అడగొచ్చు. ఆమె నిద్రలో ఉన్నింది కాబట్టి కాదని చెప్పేదానికి లేదు.

మామకు ఈ పిచ్చి గనిలో అంటుకునింది. గని మూసే ముందు ఆయన కుర్రోడు, కరెంటు మేస్త్రీ దగ్గర హెల్పరు. నేల కింద కేబులు అతికి నల్ల టేపు చుట్టేదానికి ఒక పద్ధతి ఉండాది. ప్రతి చుట్టూ ముందటి చుట్టు మీద సగం పడల్ల. ఆ కొస దాకా పోయి మళ్లీ ఈ కొసకు రావల్ల. ఆఖర్న తోక కొంచెం మడిచిపెట్టల్ల, ఎందుకంటే తరువాతి షిఫ్టులో వచ్చేవాడు చీకట్లో వేలితో తడిమి ఆ మడత దొరికించుకుని విప్పల్ల. సందు మిగిలితే నీళ్లు దిగతాయి, నీళ్లు దిగితే మనిషి పోతాడు. అదే గనిలో బతుకంతా పనిచేసిన వాళ్ల నాయన హనుమంతప్ప కొడుక్కి ఆస్తిగా ఇచ్చింది ఈ ఒక్క మాటే.

గని మూసేసినారు. మామ బంగారుపేటలో మోటార్లు రిపేరీ చేసే అంగట్లో కుదిరినాడు. మనిషి పైకొచ్చినాడు గానీ చెయ్యి మాత్రం ఇంకా నేల కిందే ఉండాది. మగ్గు చెవి పగిలినా, చెప్పు తెగినా, గొడుగు కమ్మి విరిగినా ఆ కొస దాకా పోయి ఈ కొసకు వస్తాడు. వాళ్లింట్లో ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉండాది. దాంట్లో ప్లాస్టిక్ ఎప్పుడో పోయింది, వట్టి టేపే మనుషుల్ని మోస్తా ఉండాది. పెనం మీద దోసె చినిగితే గంగమ్మత్త మామ కంట పడకముందే నోట్లో వేసుకుంటాది.

వీళ్లకు ఒకటే బిడ్డ, మాల. తొమ్మిదో తరగతి. ఆ పిల్ల పెన్నుకు టేపు, కళ్లద్దాలకు టేపు, టిఫిను డబ్బా మూతకు టేపు. ఆ డబ్బా తెరిచేసరికి మధ్యాహ్నం బెల్లు కొట్టేసేవాళ్లు. ఇస్కూల్లో అందరూ ఆమెకు టేపు మాల అని పేరు పెట్టినారు. నోరు మూసుకుని పడి ఉన్నింది, పాపం.

ఇట్లుండగా సైన్సు ఎగ్జిబిషను వచ్చింది. మాల గని షాఫ్టు, అంటే మనుషులు నేల కిందికి దిగే నిలువు బాయి, నమూనా చేసింది. నిలువు అట్టపెట్టె, లోపల థర్మాకోలు గోడలు. పైన గాజులు అతికించి చేసిన చక్రం. దాని మీద నుంచి పురికొస, కొసకు సబ్బు పెట్టె. మనుషుల్ని లోపలికి దించే కేజి అన్నమాట. చక్రం తిప్పేదానికి గొడుగు పిడి ఒకటి పక్కకు బయటికి పొడుచుకుని ఉన్నింది. గంట కొట్టేదానికి లోపల కాలిగజ్జె, దాని దారం కూడా బయటికే. ముందు వైపు తెరిచి ఉంటాది, చూసేవాళ్లు అట్నుంచి చూడల్ల. నిజంగా బాగుండాది. నేను కూడా చదువు విడిచిపెట్టకుండా ఉన్నింటే ఇంతకంటే పెద్దది, నిజం బంగారం తవ్వేది చేసి ఉందును, అది వేరే సంగతి.

ఇస్కూలు పోటీలో మాల గెలిచింది. ఇంగ కోలారులో జిల్లా పోటీ. ముందు రోజు ఆ పిల్ల వాళ్ల నాయనను గడప మీద కూర్చోబెట్టి, నేను వింటుండంగానే చెప్పింది.

"అప్పా, పెట్టె మీద ప్లాస్టిక్ కవరు కప్పి తాడుతో కడితే చాలు. నువ్వు టేపు ముట్టుకోవద్దు. కోలారులో గూడా నన్ను టేపు మాల అని నవ్వితే, నేను ఇంగ ఇస్కూలుకు పోను."

మామ మొగం పాలిపోయింది. ఇస్కూలుకు పోకుంటే ఏమవతారో చూసుకునేదానికి ఆయనకు పక్కింట్లోనే నేనున్నాను. తల మీద చెయ్యి పెట్టుకుని సరేనన్నాడు.

ఆ సాయంత్రం మాల ట్యూషనుకు పోయింది. మారికుప్పం వైపు మబ్బు పట్టింది. మామ మబ్బును చూసినాడు, పెట్టెను చూసినాడు. తాడు కట్టినాడు. తాడు కింద సందు కనపడింది. ఇంగ ఆ పైన జరిగింది ఆయన చేతులు చేసినాయి, ఆయన కాదు. మా వీధి అంగట్లో ఉన్న బ్రౌన్ టేపు చుట్టలన్నీ అయిపోయినాయి. అంగడి సీనప్ప, ఎవరికైనా కోట కట్టిస్తున్నారా అని అడిగినాడు.

మాల వచ్చి చూసేసరికి పెట్టె లేదు. చక్కగా నున్నగా మెరిసే దిండు మాదిరి ఏదో ఉండాది, పక్కకు గొడుగు పిడి, ఒక దారం. ఆ పిల్ల అరవలేదు, ఏడవలేదు. లోపలికి పోయి పుస్తకాల సంచి తెచ్చి నా ముందు పెట్టి, అన్నా ఇది నువ్వే ఉంచుకో అనింది. నేను జోకు వేద్దామనుకుని వేయలేదు. నా బతుకులో అట్ల ఆగింది అదొక్కసారే.

పోటీకి పేరు ఇచ్చేసినారు కాబట్టి పొద్దున మాల, మామ, నేను రాబర్ట్‌సన్‌పేటలో బస్సెక్కినాము. పెట్టె మామ ఒళ్లో. ఒక చోట టేపు మెలిక పడి బంక పైకి తిరిగి ఉండాది, హడావిడిలో ఎవరూ చూడలేదు. బంగారుపేట వచ్చేసరికి దానికి బస్సు టికెట్టు, కనకాంబరాలు, కోడీక, పక్క సీటులో నిద్రపోతున్న పెద్దాయన మీసంలో కొంత అంటుకున్నాయి. కండక్టరు లోపల పామేమైనా ఉండాదా అని అడిగి, జవాబు వినకుండానే ముందుకు పోయినాడు. మాల కిటికీలోంచి బయటికి చూస్తా కూర్చునింది.

కోలారులో పెద్ద హాలు. యాడ చూసినా అగ్నిపర్వతాలే, అన్నీ సోడా నురుగు కక్కుతా ఉండాయి. మా బల్ల మీద దిండు. ఎవరో కత్తెర తెచ్చినారు, బంకకు కత్తెర నోరు మూసుకునింది. బ్లేడు పెడితే వెనకనే పురికొస, తెగిందంటే కేజి పడిపోతాది. మామ కళ్లు మూసుకుని వేలితో తడిమి మడత పట్టుకున్నాడు. బర్రుమని లాగినాడు. ఆ చప్పుడుకు మైకులో మాట్లాడే ఆయన ఆగిపోయినాడు. ఆ వరస కింద ఇంకో వరస, దానికింకో మడత. మళ్లీ బర్రుమనింది. అట్ల లాగతా ఉంటే టేపు కుప్ప మా మోకాళ్ల దాకా వచ్చింది, పెట్టె మాత్రం తగ్గలేదు. నన్నడిగితే కొంచెం పెరిగింది గూడా.

అప్పటికి జడ్జీలు పక్క బల్ల దగ్గరికి వచ్చేసినారు. ముందు నడిచే మేడమ్ పేరు ఉమాదేవి, లావు జడ, గట్టి చూపు. పిల్లోళ్లు అప్పుడే మూతులు చేత్తో మూసుకుని నవ్వుతా ఉండారు. మామ మళ్లీ పెట్టె చుట్టూ తడిమినాడు. మడత దొరకలేదు.

మాల ఆయన చెయ్యి పట్టుకుని పక్కకు జరిపింది.

"వదిలెయ్యప్పా. చాలు."

మేడమ్ వచ్చి, ఏమిది, తెరవండి అనింది. మాల తెరిచేదానికి లేదని చెప్పి, చెవి పెట్టి వినమనింది. మేడమ్ కొంచేపు పిల్లను చూసి, వంగి పెట్టెకు చెవి ఆనించింది. మాల దారం లాగింది. లోపల గంట మూడు మాట్లు మోగింది. తరువాత గొడుగు పిడి తిప్పింది. లోపల కేజి కిర్రుకిర్రుమంటా దిగింది.

మేడమ్ తల ఎత్తకుండానే, అంతా బాగుండాది గానీ కండ్లకు ఏమీ కనపడలేదే అనింది.

"పైనుండేవాళ్లకు ఎప్పుడూ కనపడలేదు మేడమ్," అనింది మాల. "గంట మూడు మాట్లు కొడితే మనుషులు ఎక్కినారని. మా తాత దిగేటప్పుడు పైన వినపడింది ఇదే. మళ్లీ గంట మోగే దాకా మా అవ్వ ఇట్లనే చెవి పెట్టుకుని ఉండేదంట."

మేడమ్ కదల్లేదు. పెట్టె మీద చెవి పెట్టి అట్లనే ఉండాది. వెనకున్న జడ్జీలు ఆమె మనసు కరిగిపోయిందనుకుని తలలు వంచుకున్నారు. ఒకాయన కండ్లు తుడుచుకున్నాడు. మామ కూడా తుడుచుకున్నాడు.

చానా సేపటికి మేడమ్ మెల్లగా, మాలకు మాత్రమే వినపడేటట్టు చెప్పింది.

"అమ్మా, నా జుట్టు అంటుకునింది."

బంక పైకి తిరిగిన చోట జడ మొదలు పట్టుకునింది. కత్తెర వద్దు అని మేడమ్ వేలు చూపించింది. అప్పుడు మామ ముందుకొచ్చినాడు. పక్క బల్ల పిల్లోడు దీపం నమూనాకు తెచ్చుకున్న కొబ్బరి నూనె అడిగి తీసుకుని, కళ్లు మూసుకుని, వేళ్లతో ఒక్కొక్క వెంట్రుకా విడిపించినాడు. అంతసేపూ మాల ఊరికే ఉండకుండా కేజిని పైకి తెచ్చి, కిందికి దించి, మళ్లీ పైకి తెచ్చింది. ఆ హాలులో ఇంకే నమూనానూ ఏ జడ్జీ అంత సేపు పరీక్ష చేయలేదు. తల విడిపించుకున్న మేడమ్ జడ సర్దుకుని, కనకాంబరాలు ఈ పెట్టెవేనా నావేనా అని అడిగి, ఏదో రాసుకుని పోయింది.

మొదటి బహుమానం ఒక అగ్నిపర్వతానికి వచ్చింది. రెండోది మాలకు. ఇద్దరూ రాష్ట్ర పోటీకి బెంగళూరు పోవల్ల. ఎవరూ టేపు మాల అనలేదు. దగ్గరికొచ్చి చెవి పెట్టి వింటామని వరస కట్టినారు, జుట్టు పైకి ముడేసుకుని మరీ.

తిరుగు బస్సులో మామ బంక పైకున్న చోటును అరచేత్తో మూసుకుని కూర్చున్నాడు. బెంగళూరుకు పెట్టెను తాడుతో మాత్రమే కడతానని, టేపు చుట్టల్ని నాకిచ్చేస్తానని చెప్పినాడు. నేను వద్దన్నాను, మా ఇంట్లో ఇప్పటికే పుస్తకాల సంచి ఒకటుండాది. మాల అది వినింది. దిగంగానే మా ఇంటికొచ్చి సంచి భుజానికి వేసుకునింది. పోతా పోతా వాళ్ల నాయన వైపు తిరిగి, తాడు వద్దు, టేపే చుట్టమనింది.

"ఈ మాటు బంక మాత్రం లోపలికి పెట్టప్పా."