రబియాబీకి శాలువా

జలాల్ సాబ్ అణకువ గురించి సిద్దిపేటలో తెలియనివారు లేరు. తెలియకుండా ఉండనిస్తే కదా! మసీదుకు కూలర్ ఇచ్చినా, పేదలకు రంజాన్ సరుకులు పంచినా 'ఓ అల్లా దాసుడి చిరుకానుక' అని ఫ్లెక్సీ వేయిస్తారు. దాసుడి ఫొటో మాత్రం నిలువెత్తున ఉంటుంది.

ఆ వీధి చివరి రేకుల ఇంట్లో రబియాబీ బీడీలు చుట్టుకుని బతుకుతుంది. ముస్లిం ఇళ్లలో ఆడమనిషి పోతే కబురు ముందు ఆమెకే వస్తుంది. వెళ్లి, తలుపు వేసుకుని, గోరువెచ్చని నీళ్లతో ఆఖరి స్నానం చేయిస్తుంది. కఫన్ గుడ్డ చుట్టి, ఎవరికీ చెప్పకుండానే ఇంటికొచ్చి మళ్లీ చేట ముందు కూర్చుంటుంది. ఆ గదిలో ఒంటిమీద చూసిన లోపం గడప దాటకూడదు. అది ఆమె అత్త నేర్పిన ధర్మం. ఇన్నేళ్లలో సొంత కూతురి దగ్గర కూడా నోరు జారలేదు.

ఇంతటి మనిషిని ఎవరూ గుర్తించలేదే అని జలాల్ సాబ్‌కు ఈ ఏడు ఉన్నట్టుండి బాధ కలిగింది. మసీదు కమిటీ ఎన్నికలు దగ్గరపడటం వల్లే అన్నవాళ్లున్నారు. వాళ్లకేం పనిలేదు లెండి. ఫంక్షన్ హాల్లో సభ పెట్టి, 'కనబడని సేవకురాలు' అని ఫ్లెక్సీ కట్టించారు. రబియాబీ ఫొటో ఇవ్వనంది కనుక, పాపం, ఆ ఖాళీని కూడా తన ఫొటోతోనే నింపారు.

ఆమె రానంది. ఆయన కారేసుకుని గుమ్మం ముందే నిలబడ్డారు. వాడంతా చూస్తుంటే సిగ్గుపడి, బురఖా వేసుకుని వెళ్లింది. పరాయి ఆడమనిషికి కప్పకూడదు కనుక శాలువాను చేతికిచ్చారు. ఫొటో సరిగా పడలేదని వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చారు. తర్వాత మైకు ఆమె నోటి దగ్గర పెట్టి అడిగారు జలాల్ సాబ్.

"మా అమ్మీకి ఆఖరి స్నానం మీరే చేయించిన్రు గద ఖాలా. ఆమె మొఖంల ఎంత నూర్, ఎంత వెలుగుండెనో జెర గీళ్లకు చెప్పున్రి."

రబియాబీకి ఆ రోజు కళ్లముందు మెదిలింది. ఆ తల్లి వీపంతా మంచంపుండ్లే. చీర చర్మానికి అంటుకుపోయి ఉంటే, నీళ్లతో నానబెట్టి, ఏడుస్తూ మెల్లగా విడదీసింది. ఏసీలున్న ఇంట్లో ఆ ముసలామెను ఒక పక్క నుంచి మరో పక్కకు తిప్పిన చెయ్యి లేదు. ఇప్పుడు ముఖం వెలిగిందంటే అబద్ధం. చూసింది చెబితే చచ్చిన మనిషి పరువు నలుగురిలో పోతుంది. కొడుకు ముఖం చూస్తే ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"నేను కప్పి పంపిన, బిడ్డా," అంది మెల్లగా. "నువ్వు గూడ గట్లనే కప్పి ఉంచు."

మెల్లగా అన్న మాటే అయినా మైకులో హాలంతా వినిపించింది. ముందు వరుసల్లో ఉన్నవాళ్లు తలలు దించుకున్నారు. జలాల్ సాబ్ మైకు పట్టుకుని నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు.

రబియాబీ శాలువా కుర్చీలో వదిలేసి నడిచే ఇంటికి వెళ్లింది. దాచమంటూనే సగం బయటపెట్టేశానేమో అని దారంతా కుమిలిపోయింది. నమాజు చదువుకుని, పోయిన ఆ తల్లిని తలచుకుని మాఫీ అడిగింది. నిజానికి అడగవలసిన జలాల్ సాబ్ ఆ సమయానికి ఫొటోగ్రాఫర్‌కు ఫోన్ చేసి, ఆ వీడియో తీసెయ్యమని బతిమాలుతున్నారు.