సత్తుదా, ఉక్కుదా

1983లో కడప ఓబులేసు ఒక కువైటీ ఇంట్లో వంటమనిషి. మూడేళ్ల తర్వాత వచ్చే నెలలో ఊరికి వెళ్లడానికి సెలవిస్తానని అతని యజమాని, అంటే కఫీల్, మాటిచ్చాడు. ఆ శుక్రవారం ఎడారిలో వేటకు వెళ్తూ, వంట కోసం అతన్నీ తీసుకెళ్లాడు.

తుపాకీకి బిగించడానికి కఫీల్ రెండు సైలెన్సర్లు తెచ్చాడు. ఒకటి తేలికైన సత్తుది, అంటే అల్యూమినియంది, రెండోది బరువైన ఉక్కుది. వేడికి ఏది తట్టుకుంటుందో తేల్చుకోలేక, ఒక్కోదానితో ఇరవై తూటాలు కాల్చాడు. ఓబులేసు అలవాటుగా, దోసె పెనం మీద చిలకరించినట్టు రెండింటి మీదా నీళ్లు చిలకరించాడు. రెండూ చుయ్యిమన్నాయి.

"దోసె కూడా పోసి చూడు చిన్నాయనా," అన్నాడు డ్రైవర్ సిద్ధయ్య.

"సత్తుది వద్దని చెప్పు సిద్ధా. మన సత్తుగిన్నె మాదిరి వేడికి సొట్ట పోతాది. ఉక్కుదైతే ఆయన మనవని కాలం దాంకా ఉంటాది."

సిద్ధయ్య అరబ్బీలో చెప్పాడు. కఫీల్ పొంగిపోయి ఓబులేసు భుజం తట్టాడు. ఇంత తెలిసినవాణ్ణి పంపిస్తే వేటలో తనకు దిక్కెవరని, సెలవు ఖలాస్, ఇక లేదు అన్నాడు. మెచ్చుకుంటూనే మనిషిని కట్టేయడం యజమానులకు బాగా తెలుసు.

"నాకేం తెలీదని చెప్పు సిద్ధా," అన్నాడు ఓబులేసు గాభరాగా.

"ఇప్పుడు చెప్తే నమ్ముతాడా? సత్తుదే మంచిదని నువ్వు అనుంటే, ఈ పాటికి తిట్టి ఊరికి తరిమేసుండేవాడు."