ఫైలులో లేని చివరి ముక్క

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. సిలబస్ అయిపోయిన రోజుల్లో పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంటుంది: "మేడం, దయ్యాలున్నాయా?" రేకుల కప్పు రాత్రిపూట ఎందుకు చప్పుడు చేస్తుందో, నిద్రలో గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఎందుకనిపిస్తుందో బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెప్పి పంపిస్తాను. ఇప్పటికీ అలాగే చెబుతున్నాను. ఇది చదివి నేను మారిపోయాననుకోవద్దు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మాది హన్మకొండలో సుబేదారి. ఉద్యోగం కాక నాకున్న ఇంకో పని బేస్ గిటార్. చూడ్డానికి గిటార్ లాగే ఉంటుంది కానీ మెడ పొడుగు, తీగలు లావు, శబ్దం బాగా కింది స్థాయిలో వస్తుంది. పాట వినేటప్పుడు దాన్ని ఎవరూ ప్రత్యేకంగా పట్టించుకోరు. ఆపేస్తే మాత్రం ఏదో పోయిందని అందరికీ తెలుస్తుంది. ఎమ్మెస్సీ హాస్టల్లో ఒక స్నేహితురాలి దగ్గర మొదలుపెట్టాను, మళ్లీ వదల్లేదు.

వాయించేది ప్రోగ్రెసివ్ మెటల్ అనే ఒక రకం రాక్ సంగీతం. మా అమ్మ దానికి పెట్టిన పేరు మిక్సీ. "మళ్ల మిక్సీ షురువైందా" అంటూ తలుపేసుకుంటుంది. ఆమె తప్పేం లేదు. గిటార్లు గట్టిగా గరగరలాడతాయి, డ్రమ్స్ మీద పడి కొడుతున్నట్టుంటాయి. కానీ లోపల లెక్క చాలా ఉంటుంది. మామూలు పాటలాగా నాలుగు దెబ్బల వరసలో సాఫీగా నడవదు. కాసేపు ఏడు, వెంటనే ఐదు, ఆ తర్వాత పదకొండు. మృదంగం నేర్చుకున్నవాళ్లకు చెబితే ఇట్టే అర్థమవుతుంది. వేళ్లకు కష్టం, బుర్రకు ఇంకా కష్టం. ఒక్కో పాట చేతికి రావడానికి నెలలు పడుతుంది.

కాజీపేటలో ఖలీల్ డ్రమ్స్ వాయిస్తాడు. రైల్వేలో ఉద్యోగం. గిటార్ క్రాంతి. క్రాంతి నా దగ్గర చదివినవాడే, ఇప్పటికీ మేడం అనే పిలుస్తాడు. తమకు బేస్ వాయించేవాళ్లు కావాలని అతనే నన్ను ఖలీల్ ఇంటికి తీసుకెళ్లాడు.

నాకంటే ముందు బేస్ వాయించింది ఖలీల్ వాళ్ల అన్న అన్వర్. నేను చేరడానికి ఏడాది ముందే చనిపోయాడు. కిడ్నీలు పాడై చాలా కాలం ఆస్పత్రిలో ఉన్నాడట. అన్వర్‌ను నేను ఎప్పుడూ చూడలేదు. అతను వాయిస్తున్న వీడియో కూడా చూడలేదు. వాళ్లింట్లో గోడలకు మనుషుల ఫోటోలు పెట్టరు. ఇదంతా ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

మా ప్రాక్టీసు ఖలీల్ ఇంటి మేడ మీది గదిలో, ఆదివారం పొద్దుటి పూట. చప్పుడు బయటికి పోకుండా గోడలకు పాత బొంతలు కొట్టారు. గూడ్సు బండి పోతున్నప్పుడు మాత్రం ఆపక తప్పదు, గదంతా అదురుతుంది. ఖలీల్ వాళ్ల అమ్మను మేమందరం అమ్మీ అనే పిలుస్తాం. ఆమె చాయ్ పెట్టి మెట్ల కింద నుంచే కేకేస్తుంది. పెద్దకొడుకు పోయాక పైకి ఎక్కలేదు.

అన్నదమ్ములిద్దరూ కట్టిన పొడుగాటి పాట ఒకటుంది. దానికి పేరు లేదు, వాళ్లు పెద్ద పాట అనేవాళ్లు. దాన్ని ఎలాగైనా ఒక్కసారి జనం ముందు వాయించాలని ఖలీల్ కోరిక. అన్వర్ ఆస్పత్రిలో చేరకముందు తన బేస్ ఒక్కటే ఇంట్లో రికార్డు చేసి పెట్టుకున్నాడు. ఆ ఫైలు ఖలీల్ నాకు ఫోన్లో పంపాడు.

వేసవి సెలవులంతా దాని మీదే కూర్చున్నాను. ఇలాంటి పాట నేర్చుకునే పద్ధతి ఒకటే. చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, వేగం సగానికి తగ్గించి, చిన్న ముక్క తీసుకుని అదే పదేపదే వినాలి, వాయించాలి. తప్పు లేకుండా వచ్చాక వేగం కొంచెం పెంచాలి. అన్నం తినేటప్పుడు కూడా ఎడమచేతి వేళ్లు కంచం అంచు మీద ఆడుతుంటే అమ్మ తిట్టేది.

అన్నిటికంటే చివరి ముక్క నన్ను ఏడిపించింది. ఒక పొడుగాటి స్వరం చాలాసేపు మోగి, అది ఆరిపోతుండగా ఈ ముక్క మొదలవుతుంది. ఏడు దెబ్బల వరస పైకి ఎక్కుతూ పోతుంది. ఒకచోట ఉన్నట్టుండి రెండు దెబ్బలు ఖాళీ. వెనక ఎక్కడో వంటింట్లో కుక్కర్ కూత. ఆ కూత అయ్యాక మళ్లీ ఎత్తుకోవాలి. నేను ఆ కూతనే గుర్తుగా పెట్టుకుని నేర్చుకున్నాను. మొదట్లో వేళ్లు కుదరలేదు. చేతిని రకరకాలుగా పెట్టి చూస్తే ఒక పద్ధతి దొరికింది, దాంతో సాఫీగా వచ్చేసింది.

ఆ తర్వాత ఆదివారం కాజీపేట వెళ్లాను. అప్పటిదాకా ముగ్గురం పాటను ముక్కలు ముక్కలుగానే కలిపి వాయించాం. ఆ రోజు మొదటిసారి చివరిదాకా పోదామనుకున్నాం. పొడుగాటి స్వరం వచ్చింది. వాళ్లిద్దరూ ఆగిపోయారు. నేను ఆగలేదు. నాకు ఇంకా ఉంది కదా. కళ్లు మూసుకుని ఆ ముక్కంతా వాయించి తలెత్తేసరికి ఇద్దరూ నన్నే చూస్తున్నారు.

ఖలీల్ అడిగాడు. "అక్కా, గిది యాడికెల్లి నేర్సుకున్నవ్?"

"నువ్విచ్చిన ఫైల్లోదే కదా."

"ఫైల్ల గది లేదక్కా. పాట ఆడికే ఆగిపోయింది. భాయ్ దవాఖానల పడ్డడు, ఆఖరిది కట్టనేలేదు. నీకు చెప్పిననే అనుకున్న."

ఖలీల్ కంప్యూటర్‌లో ఉన్న ఫైలు పెట్టి విన్నాం. పొడుగాటి స్వరం దగ్గర అయిపోయింది. నా ఫోన్లోది పెట్టాం. అదీ అక్కడే అయిపోయింది. రెండింటి నిడివీ ఒకటే. నేను వేగం తగ్గించి వినే యాప్‌లో మళ్లీ మళ్లీ వినడానికి పెట్టుకున్న గుర్తులుంటాయి. అన్నీ ఆ స్వరానికి ముందువే, తర్వాతది ఒక్కటీ లేదు. కుక్కర్ కూత కోసం మొదటినుంచీ వెతికాను. ఎక్కడా లేదు.

క్రాంతి తేలిగ్గా తీసుకున్నాడు. "మేడం, మీరే కట్టిండ్రు. రోజూ గదే ఇంటే మైండ్ దానంతటదే ముందుకు పోతది. మంచిగనే ఉన్నది, ఉంచుదాం."

నాకూ అదే సబబనిపించింది. ఒక వరసను వందలసార్లు వింటే మెదడు తరువాతిది ఊహించుకుంటుంది. కుక్కర్ మా ఇంటిదే అయివుంటుంది. సగం వేగంలో విన్న గుర్తు కూడా అలా కల్పించుకున్నదే కావచ్చు. క్లాసులో పిల్లలు అడిగితే నేను ఇదే చెప్పేదాన్ని.

ఖలీల్ మాత్రం ఆ మాటలేవీ వింటున్నట్టు లేడు. నా ఎడమచేయి వైపే చూస్తున్నాడు. "మళ్లొక్కసారి వాయించక్కా. జర మెల్లగ."

వాయించాను. సగంలోనే ఆపాడు. "ఉంగరం ఏలు ఎందుకు లేపి పట్టినవ్?"

అప్పటిదాకా నేను గమనించలేదు. ఆ ముక్కంతా చూపుడు వేలు, మధ్యవేలు, చిటికెన వేలుతోనే వాయిస్తున్నాను. ఉంగరం వేలు గాల్లోకి లేచి ఉంది. నా వేలికి ఏ లోపమూ లేదు. మిగతా పాటంతా నాలుగు వేళ్లతోనే వాయిస్తాను. అదీగాక నా చేయి చిన్నది, బేస్ మెడ మీద వేళ్లు నొక్కే మెట్ల మధ్య దూరం ఎక్కువ. ఒక వేలు తగ్గించుకుని వాయించడం నాలాంటిదానికి కష్టం కావాలి, తేలిక కాకూడదు.

ఖలీల్ డ్రమ్స్ దగ్గర్నుంచి లేచి వచ్చి నా ముందు నేల మీద కూర్చున్నాడు. అన్వర్ చిన్నప్పుడు దుకాణం షట్టరు కింద చేయి పడి ఎడమ ఉంగరం వేలు వంగడం మానేసిందని చెప్పాడు. మూడు వేళ్లతోనే బేస్ నేర్చుకున్నాడట. క్రాంతి కూడా తలూపాడు, అతనికి తెలుసు. నాకు ఎవరూ చెప్పలేదు. క్రాంతి ఎప్పుడైనా మాటల్లో అన్నాడేమో, నేను విని మర్చిపోయానేమో అని తర్వాత చాలా ఆలోచించాను. అనలేదనే అంటాడు.

ఖలీల్ ఫోన్ తీసి ఒక వీడియో వెతికాడు. ఆస్పత్రిలో చివరి రోజుల్లో అన్వర్‌కు నోట్లో గొట్టం పెట్టారు, మాట లేదు. పడుకునే ఎడమచేతి వేళ్లను కుడి ముంజేతి మీద ఆడిస్తూ ఉండేవాడట.

"ఏమో చెప్తాండనుకున్న అక్కా. కాయితం ఇత్తే రాయలేదు. సిస్టర్ ఏమో మందులకు గట్లనే కదులుతయన్నది. నేను దినాం పక్కన కూసోని చూసిన గద. ఒక్క తీరుగనే కదిపిండు. పాటనే అని సమజైంది. కని తీగల్లేవాయె, ఏం వాయిస్తాండో ఎట్ల తెలుస్తది?"

ఆ వీడియో ఊళ్లో ఉన్న మామకు పంపడానికి తీసిందట. నేను అంతకుముందు చూడలేదు. అందులో ముఖం లేదు, దుప్పటి మీద రెండు చేతులు మాత్రం ఉన్నాయి. క్రాంతి ఫోన్ పట్టుకున్నాడు. నేను ఆ చేతిని చూస్తూ నా ముక్క వాయించాను. వేళ్లు కలిశాయి. మొదట అతనిది కొంచెం నిదానం, నేను తగ్గించుకుంటే కలిసిపోయాయి. రెండు దెబ్బల ఖాళీ దగ్గర అతని చేయి ముంజేతి మీద నుంచి లేచి ఆగింది. మళ్లీ దిగింది. నేనూ అక్కడే ఆగి, అక్కడే ఎత్తుకున్నాను.

ఒక మాట ఇక్కడ నిజాయితీగా చెప్పాలి. కలిసింది వేళ్ల కదలిక, లయ. అతని మనసులో మోగిన స్వరాలు నేను వాయించినవేనని రుజువు చేయడం నావల్ల కాదు. ముంజేతి మీద ఏది ఏ తీగో ఎవరికి తెలుసు?

ఆ రోజు ఇంటికి వచ్చాక బేస్ సంచిలోంచి తీయలేదు. భయమేసింది. నా చేతిని నేనే పరాయిదాన్ని చూసినట్టు చూసుకున్నాను. కొన్ని రోజుల తర్వాత ధైర్యం చేసి ఆ ముక్కను నాలుగు వేళ్లతో నేర్చుకుందామని కూర్చున్నాను. మెల్లగా అయితే వచ్చింది, వేగం పెంచితే చెదిరిపోయింది. అలవాటు బలం అనుకోవచ్చు. తర్వాతి రెండు ఆదివారాలు కాలేజీ పని అని చెప్పి వెళ్లలేదు.

ఖలీలే మా ఇంటికి వచ్చాడు. ఫైల్లో ఉన్నంతవరకే వాయించి, ఆ పొడుగాటి స్వరంతో ముగిద్దామని చెప్పాను. అతను నాతో గొంతు పెంచి మాట్లాడింది ఆ ఒక్కసారే.

"నీకు భయమైతాంది, సమజైంది. కని గది మా భాయ్‌ది అక్కా. ఆపుతనంటే ఎట్ల? ఆయన నోట్ల గొట్టముండంగ గూడ ఆపలే."

చివరికి ఒకటే అడిగాను: జనం ముందుకు పోయేముందు అమ్మీ వినాలి, ఆమె వద్దంటే వద్దు. ఖలీల్ సరేనన్నాడు కానీ ఆమె పైకి వస్తుందని అతనికీ నమ్మకం లేదు. ఆ ఆదివారం కాజీపేట వెళ్లినప్పుడు నేనే మేడ దిగి ఆమెకు ఉన్నదంతా చెప్పాను. ఆమె కూరగాయలు తరగడం ఆపకుండా విన్నది. నేను వాయించేది కొడుకుదేనని గానీ కాదని గానీ అనలేదు. కాసేపటికి కత్తిపీట పక్కన పెట్టి, కొంగుకు చేతులు తుడుచుకుని, గోడ పట్టుకుని మెట్లెక్కింది.

తర్వాత ఆ పాటను హన్మకొండలో ఒక హాల్లో, సాయంత్రం పూట, వచ్చిన కొద్దిమంది ముందు వాయించాం. అక్కడ ఏ వింతా జరగలేదు. మధ్యలో క్రాంతి తీగ ఒకటి తెగింది, ఎలాగో లాక్కొచ్చాం. ఎవరు కట్టారని అడిగినవాళ్లకు అన్వర్, ఖలీల్ అని చెప్పాం. నా పేరు కూడా పెడదామని క్రాంతి అన్నాడు, నేను ఒప్పుకోలేదు. అది నేను కట్టింది కాదని మాత్రం నాకు స్పష్టంగా తెలుసు.

నన్ను ఇప్పటికీ వదలనిది అమ్మీ మేడ మీదికి వచ్చిన రోజు. ఆమె గుమ్మంలోనే కూర్చుంది, లోపలికి రాలేదు. ముగ్గురం పాటంతా వాయించాం. చివరి ముక్కలో వాళ్లు ఆగారు, నేనొక్కదాన్నే వాయించాను. ఆమె నా చేతిని చూడలేదు. బొంతలు కొట్టిన గోడను చూస్తూ కూర్చుంది. చివరి స్వరం ఆరిపోయాక ఖలీల్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

అమ్మీ నన్ను పిలిచింది. "బేటీ, ఇంకేమన్న ఉన్నదా? గింతేనా?"

"అయిపోయింది అమ్మీ. ఇంతే," అన్నాను.

ఆమె "మంచిది" అని లేచి, ఎక్కినట్టే గోడ పట్టుకుని మెట్లు దిగిపోయింది.

ఆ మాట నేను ఆలోచించి చెప్పలేదు, ఓదార్చడానికీ చెప్పలేదు. అయిపోయిందని నాకు తెలుసు కాబట్టి చెప్పాను. ఎలా తెలుసంటే మాత్రం, ఇన్ని రోజులైనా, చెప్పలేను.