సాయవ్వకు కౌన్సిలర్ దొరికిన రోజు

బీడీలు చుట్టేటప్పుడు మా సాయవ్వకు చేతులకన్నా నాలుకే ముందుండేది. మాక్లూర్‌లో ఆమె ఎక్కిరించని మనిషి లేడు. బిడ్డ సుకన్య చనిపోయాక ఆ నోరు మూతపడింది. ఇప్పుడు ఆకు లేకున్నా వేళ్లు చీర కొంగును చుడుతూనే ఉంటాయి. నిజామాబాద్‌లో ఎవరూ కుదరక, హైదరాబాద్‌లో నెలరోజులు వెతికితే మనసు బాధ విని ధైర్యం చెప్పే ఒక కౌన్సిలర్ గంటసేపు దొరికింది.

“ఎట్లున్నరమ్మా?” అని ఆమె అడగగానే, పరాయివాళ్ల ముందు ఇంటి బాధ విప్పని మా మహారాణి కొంగు సర్దుకొని నవ్వింది.

“నాకేమైంది బిడ్డా, మంచిగున్న. నువ్వే గింత బక్కగున్నవ్, తింటలేవా?”

కౌన్సిలర్ మురిసిపోయి, మళ్లీ రానక్కర్లేదంది. తిరుగు బస్సులో డిచ్‌పల్లి దాటాక అవ్వ నన్ను మోచేత్తో పొడిచింది.

“జర జరుగు పిల్లా, సుకన్య నిలబడ్డది. కూసుంటది.”