అత్తమ్మ మెడలో ఆకుపచ్చ కండువా

ఇప్పుడు సాయమంటే ముందు ఫొటో దిగుతున్నారు గానీ, ఆ రోజుల్లో మా కొడకండ్లలో సాయమంటే భుజం మీద బరువే. మా ఊరి అన్నదమ్ముల సంఘం పుట్టింది అట్లాగే. పాము కరిచిన ఒకాయనను నలుగురు స్నేహితులు మంచం మీద వేసుకుని, బస్సు దొరికేదాకా మోసుకుంటూ పరుగెత్తారట. ఆయన బతికాడు. వీళ్ళు ఆ మంచం మీదే చేతులు వేసి, ఇక మనం అన్నదమ్ములం అనుకున్నారు. అప్పటినుంచి ఎండాకాలం చలివేంద్రాలు, చలికాలం దుప్పట్లు, దిక్కులేనివాళ్ళు పోతే పాడె మోయడం, అన్నీ వాళ్ళే. నేను కోడలిగా వచ్చేనాటికి సంఘం పెరిగింది, కట్టుబాట్లూ పెరిగాయి. ఏ ఏడు ఎవరు పెద్దగా ఉంటే ఆయనను అందరూ 'పెద్దన్న' అనాలి (ఆయన సొంత బాపు కూడా అట్లాగే పిలిచేవాడు, నా చెవులతో విన్నాను). పెద్దన్న తన చేత్తో ఆకుపచ్చ కండువా ఎవరి మెడలో వేస్తే వాళ్ళు సంఘం మనుషులు. వేసిన కండువా వెనక్కి తీసుకునే రివాజు లేదు. తోబుట్టువును కాదన్నంత తప్పు.

నాకు సంఘంతో పని పడింది మా అత్తమ్మ కండ్ల వల్ల. రెండింటికీ పొరలు. తీగ మీద ఆరేసిన నా చీరను చూసి, "ఏందే, గా ఎండల నిలబడ్డవ్, లోపలికి రారాదు?" అని పిలిచేది. నేను వెనకనుంచి "ఇక్కడున్న అత్తమ్మా" అంటే ఉలిక్కిపడి, "ఇద్దరెట్లయినవే?" అనేది. నవ్వుకునేదాన్ని. కానీ ఒకనాడు బావి గట్టు అనుకుని గట్టు లేని చోట చెయ్యి వేయబోయింది. రెక్క పట్టి లాగాను. ఆ పొద్దు నాకు అన్నం దిగలేదు. ఆపరేషన్ మాట ఎత్తితే మాత్రం "కండ్లు పీకి సీసాల పెడ్తరట" అని దుప్పటి ముసుగు పెట్టేది.

అంతలో సంఘం వాళ్ళు బడి దగ్గర కంటి శిబిరం పెట్టారు. షామియానా వేశారు, ఆపరేషన్ కావాల్సినవాళ్ళను పెద్ద దవాఖానకు తీసుకుపోవడానికి బస్సు తెప్పించారు. "ఉత్తగ చూపించుకొని వద్దాం, గంతే" అని బతిమిలాడి అత్తమ్మను తీసుకుపోయాను. చుక్కల మందు అనేసరికి ఆమె మొండికేసింది. వరుసలో ఉన్న ముసలివాళ్ళంతా ఆమెనే చూసి ఆగిపోయారు. అప్పుడు పెద్దన్న (కిరాణం కొట్టాయన, తన ధైర్యం గురించి తనే చెప్పుకునే మనిషి) కండ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, "సూడవ్వా, ముందుగాల నాకే ఏస్తరు" అని రెండు కండ్లలోనూ వేయించుకున్నాడు.

"సరె, సచ్చేదుంటె నువ్వే ముందు సస్తవ్ గద" అని అత్తమ్మ కూడా వేయించుకుంది.

కాసేపటికి సన్మానం. జనగామ నుంచి వచ్చిన డాక్టరమ్మ కోసం ముందు వరుసలో తువ్వాల పరిచిన కుర్చీ వేశారు. ఆమె ఇంకా లోపల కండ్లు చూస్తూనే ఉంది. అత్తమ్మ తడుముకుంటూ పోయి, చేతికి మెత్తగా తగిలేసరికి ఆ కుర్చీలోనే కూర్చుంది. నేను మంచినీళ్ళు తెచ్చేలోపు పెద్దన్న కండువా పట్టుకుని బయలుదేరాడు. మందుకు అంతా మసక, ఎండకు కండ్లలో నీళ్ళు, అద్దాలేమో జేబులో. "మా ముసలోళ్ళకు ఎలుగిచ్చే తల్లీ!" అంటూ కండువా అత్తమ్మ మెడలో వేసి, కాళ్ళకు దండం పెట్టాడు.

"ఎవలు బిడ్డా నువ్వు? ఎవలి పెండ్లి?" అంది అత్తమ్మ.

జనం గొల్లుమన్నారు. పెద్దన్న కండువా తీయబోతే సంఘం వాళ్ళంతా "తియ్యొద్దు పెద్దన్నా, కట్టుబాటు!" అని ఒకటే కేక. అన్నదమ్ముల సంఘంలో అప్పటిదాకా ఆడమనిషి లేదు మరి, డాక్టరమ్మనే మొదటామెగా చేర్చుకుందామనుకున్నారు. డాక్టరమ్మ బయటికొచ్చి, సంగతి విని, కడుపు పట్టుకుని నవ్వి, "మరి ఈ కొత్త అన్నకు పనేమీ లేదా?" అంది.

పెద్దన్న అత్తమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు. "అవ్వా, ఇగ నువ్వు సంఘం మనిషివి. గీ ముసలోళ్ళంత ఆపరేషనంటె బుగులుపడుతున్నరు. నువ్వు బస్సెక్కితె నీ ఎంబడి ఎక్కుతరు."

"నేను ఎక్కకపోతె?"

"ఏం జెయ్యాలె అవ్వా. మా ఇజ్జతు పోతది."

అత్తమ్మ కండువా కొసలు తడిమి చూసుకుంది. తర్వాత లేచి, నా రెక్క పట్టుకుని, ముసలివాళ్ళనుకుని గోడవైపు తిరిగి గట్టిగా అరిచింది. "గట్లనె కూసున్నరేంది? నడువుండ్రి, నేనున్న గద!"

బస్సు నిండిపోయింది.

ముందు ఒక కంటికే ఆపరేషన్ చేశారు. కట్టు విప్పిననాడు అత్తమ్మ ఆ కంటితో ముందు నన్నే చూసింది. నా పెండ్లినాటికే ఆమెకు చూపు మసక, నన్ను సరిగా చూసిందే లేదు. చాలాసేపు చూసి, "ఏందే, గింత చిన్నపిల్లవా నువ్వు? గింత పోరితోనా నేను గన్ని నీళ్ళు మోపిచ్చింది?" అంది. నేను వెక్కివెక్కి ఏడ్చాను. ఇంటికొచ్చాక తలెత్తి దూలాలవైపు చూసింది. "గా బూజేందే? ఎన్నడన్న దులిపినవా?"

ఆమె చూపు కోసం కనబడ్డ దేవుడికల్లా మొక్కినదాన్ని, ఆ సాయంత్రమంతా నిచ్చెన మీదే ఉన్నాను, బూజుకర్ర పట్టుకుని తుమ్ముతూ, నవ్వుతూ. అత్తమ్మ కింద నిలబడి "గా మూలకు... గా మూలకు" అని వేలు పెట్టి చూపిస్తుంటే నాకు అదొక పండుగలాగే ఉంది. ఆనాటి నేను, ఆ చిన్నపిల్ల, ఇప్పుడు కనబడితే నిచ్చెన దింపి, పక్కన కూర్చోబెట్టుకుని, ఇంత చాయ పోసియ్యాలనిపిస్తుంది.