నడుము తిరిగిన ఆదివారం

నెలనెలా జీతం చేతిలో పడుతుంటే, లోకంలో తనకంటే తెలివిగలవాళ్లు లేరనిపించే రోజులు కొన్ని ఉంటాయి. నాకు ఆ జబ్బు ఇరవై మూడో ఏట పట్టింది. ఛత్రినాక నుంచి రెండు బస్సులు మారి కాల్ సెంటర్‌కు వెళ్లి, పొద్దస్తమానం ముక్కుతో ఇంగ్లీషు మాట్లాడి, ఇంటికొచ్చాక మా గల్లీలో వాళ్లందరినీ పురుగుల్లా చూసేదాన్ని. (మా అమ్మను కూడా. ఆమె మా బాపుకు ఎదురు చెప్పగా ఎన్నడూ వినలేదు. నోట్లో నాలుక లేని మనిషని ఆఫీసులో చెప్పి జాలిపడేదాన్ని.) ఇంతటి నాగరికురాలికి తగిన కళ ఒకటి ఉండాలి కదా. కూచిపూడి పాతబడింది, సినిమా డాన్సులు మరీ నాటు. అందుకని బెల్లీ డాన్సు నేర్చుకోవడానికి బయలుదేరాను.

క్లాసు ఫలక్‌నుమాలో, ఒక టైలర్ దుకాణం పై అంతస్తులో. ఆదివారం మధ్యాహ్నం కుట్టుమిషన్లను గోడవారకు నెట్టి, కిటికీలకు పాత పేపర్లు అంటించి, ఆడవాళ్లకు మాత్రమే నేర్పేవారు. నేర్పేది దుబాయ్ మేడమ్. (దుబాయ్‌లో ఆమె చేసింది ఒక పెద్దింట్లో పిల్లల్ని చూసుకునే పని అని తర్వాత తెలిసింది.) రేకు బిళ్లలు కుట్టిన ఓణీ నడుముకు చుట్టుకుని, పైన భుజం కూడా కదలకుండా కింద మాత్రం గలగలమని వణకాలట. పెళ్లికి ముందు సన్నబడదామని వచ్చిన అమ్మాయిలు బుర్ఖాలు విప్పి మేకుకు తగిలించి, రెండు వారాల్లో నడుములు గిరగిరా తిప్పేశారు. నాది మాత్రం తుప్పుపట్టిన గేటులా ఒక పక్కకు కదిలి అక్కడే ఆగిపోయేది. "పేట్ ఛోడో బేటా, కాయ్‌కు పకడ్ కే ఖడే?" అనేది మేడమ్, పొట్టను ఎందుకలా బిగబట్టుకుని నిలబడ్డావని. ఈమెకేం తెలుసు కళ గురించి అనుకునేదాన్ని.

అదే నెలలో బాపు పురానాపూల్ సంబంధం ఒకటి తెచ్చాడు. వాళ్లకు నేను నచ్చాను. గురువారం వెళ్లి మాట ఇచ్చి రావడమే మిగిలింది. "లగ్గమైనంక నౌకరెందుకు? వాళ్లకేం తక్కువున్నది?" అన్నాడు. ఏడ్చాను, అన్నం మానేశాను. ఆయన పేపరు మీంచి తల ఎత్తలేదు. అమ్మ ఎప్పటిలాగే గిన్నెలు తోముకుంటూ కూర్చుంది. ఇక నా ఉద్యోగం నాలుగు రోజుల ముచ్చటే.

ఆ ఆదివారం బోనాలు. పొద్దున్నే తలకు పోసుకుని, ముఖానికి పసుపు రాసుకున్నాక, తలనొప్పి అని వంక పెట్టి ఇంట్లో ఉండిపోయాను. అందరూ బోనంతో గుడికి వెళ్లగానే, కోపమంతా నడుము మీద తీర్చుకుందామని ఓణీ చుట్టాను. బయట డప్పులు మోగుతున్నాయి. తడి జుట్టు విరబోసుకుని, కళ్లు మూసుకుని, ఆ దెబ్బకు తగ్గట్టు వణకడం మొదలుపెట్టాను. ఇన్నాళ్లకు పొట్ట దానంతటదే వదిలింది, నడుము తిరిగింది. ఆ మురిపెంలో తలుపుకు గడియ పెట్టలేదన్న సంగతే మరిచాను.

గుడి నుంచి తిరిగొచ్చిన పక్కింటి పెద్దమ్మ, నా తలనొప్పి ఎలా ఉందో చూద్దామని తలుపు తోసింది. "పొల్లకు అమ్మ వచ్చింది, జల్ది రాండ్రి" అని, నాకు అమ్మవారు పూనిందనుకుని అంతే వేగంగా వెనక్కి పరుగెత్తింది. నేను ఓణీ ముడి విప్పేలోపు ఇల్లంతా ఆడవాళ్లు, పసుపునీళ్ల చెంబులు, వేపమండలు. వాళ్ల వెనక బాపు, చెప్పులు విడిచి, చేతులు జోడించి. ఆయన్ని చూడగానే బెదిరి ఒక అడుగు వెనక్కి వేశాను. ఆగితే ఈ ఓణీ ఏమిటో చెప్పాలి. అందుకని ఆగలేదు, మళ్లీ కళ్లు మూసుకుని ఇంకా గట్టిగా ఊగాను.

అప్పుడు అమ్మ ముందుకొచ్చి నా కాళ్ల మీద నీళ్లు పోసింది. "తల్లీ, తప్పులుంటె కాయి. ఈ పిల్ల లగ్గం ఇప్పుడే చెయ్యాల్నా, ఆగాల్నా? నువ్వే చెప్పు."

పిచ్చి తల్లి, సమయానికి భలే అడిగిందనుకున్నాను. "ఆగాలె. రెండేండ్లు ఆగాలె. పిల్ల నౌకరి ఇడువొద్దు" అని గొంతు బొంగురు చేసి అన్నాను. (ప్రమోషన్ వచ్చేదాకా అనబోయి నాలుక కరుచుకున్నాను.)

"గట్లనే తల్లీ" అన్నాడు బాపు. గురువారం ఆయనే పురానాపూల్ వెళ్లి అమ్మవారి మాట చెప్పి వచ్చాడు. వాళ్లూ దండం పెట్టి పంపారట. ఆఫీసులో ఈ కథ చెప్పి, మా గల్లీ మూఢత్వం మీద నేను నవ్వని రోజు లేదు. సరిగ్గా రెండేళ్లు నిండగానే బాపు, అమ్మవారి గడువు తీరిందని ఇంకో సంబంధం తెచ్చాడు. ఉద్యోగం అక్కడితో సరి.

పోయిన ఏడు అమ్మతో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ, ఇక దాచడమెందుకని అసలు సంగతి చెప్పేశాను. అమ్మ తల ఎత్తలేదు.

"నాకెర్కే బిడ్డా. అమ్మవారొచ్చినామె మీ బాపును జూసి బెదుర్తదా?"

"మరి కాళ్ల మీద నీళ్లు పోసి ఎందుకడిగినవ్?"

"నా మాట ఆయన ఎన్నడిన్నడు? అమ్మవారు చెప్తె ఇంటడని అడిగిన. ఐదేండ్లన్న అంటవనుకుంటి. రెండే అంటివి."

గల్లీ మొత్తంలో తెలివంతా తన దగ్గరే ఉందని విర్రవీగిన ఆ పిల్లను తలచుకుని నవ్వాను, చాలాసేపు. ఆ వెర్రిదానికి ఒక్కసారి కళ్లు తెరిచి అమ్మ ముఖం చూడాలని తోచలేదు. చూసి ఉంటే ఐదే అడిగేది.