టమోటా బండి

మారథాన్ కోసమని మదనపల్లె నుంచి పుంగనూరు రోడ్డులో చేతనైనంత దూరం పరిగెత్తేవాణ్ణి. తిరుగుదారిలో మాత్రం మార్కెట్‌కు వచ్చే టమోటా బండి ఎక్కి, పెట్టెల మీద కూర్చుని, ఊరి మొదట్లో దిగేవాణ్ణి. రానూపోనూ పరిగెత్తానని భార్యకు చెప్పేవాణ్ణి. ఆమె వేడినీళ్లు పెట్టేది.

కుప్పంలో పందెం రోజు సగం దూరానికే పిక్కలు పట్టేసి రోడ్డు పక్కన కూలబడ్డాను. వెనకబడినవాళ్లను ఎక్కించుకునే వ్యాను వచ్చి ఆగింది.

"ఎక్కప్పా! ఆఖరి గీతకు ఇంత ముందర దింపేస్తాలే, ఎవురు సూస్తారు?" అన్నాడు డ్రైవరు.

చెయ్యి తలుపు మీదికి పోయింది. పందెం ముగిసే గీత దగ్గర నా భార్య ఉంది. ఆమె ముందు మళ్లీ పరిగెత్తినట్టు నటించాలి. వద్దన్నాను. ఆ మాట అన్నది నేనేనంటే నాకే నమ్మకం కలగలేదు.

ఏడుస్తూ, కుంటుతూ చేరేసరికి షామియానా పీకుతున్నారు. ఆమె కూర్చోబెట్టి నా బూట్లు విప్పుతుంటే, టమోటా బండి సంగతి చెప్పేశాను.

"తెలుసులేప్పా. నీ బనీను ఉతికేది నేనే గదా, దినామూ టమోటా వాసనే."

"మరి యాల అడగలేదు?"

"నువ్వే చెప్తావని సూస్తాండాను."

లేచి అవతలికి పోదామనుకున్నాను. కాళ్లు రాలేదు.